అడిగి తిన్న ముద్ద

ఇంట్లో ఉన్నంతకాలం ఆహార నియమం పెద్ద కష్టమనిపించదు. వండేవారికి మన సంగతి తెలుసు, వంటింట్లో ఏముందో మనకు తెలుసు. గడప దాటాకే ఆ నియమం ఎంత గట్టిదో తేలుతుంది. మాంసం, చేప, గుడ్డుతోపాటు పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, తేనె కూడా మానేసినవారికైతే ప్రతి ఊరూ ఒక పరీక్షే. 1944లో ఇంగ్లండులో కొందరు ఈ జీవన విధానానికి ‘వీగన్’ అని పేరు పెట్టి సంఘంగా ఏర్పడ్డారు. మన సుఖం కోసం మరో ప్రాణిని బాధపెట్టకూడదన్న తలంపు మాత్రం ఈ నేలకు కొత్త కాదు.

అలాంటి నియమం పట్టినవారు హైదరాబాద్ పాతబస్తీకి బయల్దేరితే ‘అక్కడ నీకేం దొరుకుతుంది?’ అని అడిగేవారే ఎక్కువ. బిర్యానీ, హలీం, పాయా, పాలు మరిగించి కలిపే ఇరానీ చాయ్, వెన్న వాసన వచ్చే ఉస్మానియా బిస్కెట్. పాతబస్తీ అనగానే నోటికొచ్చే పేర్లివి మరి. కానీ చార్మినార్ చుట్టూ నాలుగు సందులు తిరిగి, నోరు విప్పి అడిగినవారు ఆకలితో వెనుదిరగనక్కర్లేదు.

పొద్దున కిచిడీతో ఇచ్చే ఖట్టానే చూడండి. వేయించి నూరిన నువ్వులు, చింతపండు పులుసు, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి, కొత్తిమీర. పక్కన ఖీమా వద్దని, కిచిడీలో నెయ్యి పడలేదని తెలుసుకుంటే చాలు, కడుపు నిండే భోజనమది. బగారా బైంగన్ ప్రాణమంతా పల్లీలు, నువ్వులు, ఎండు కొబ్బరి, చింతపండులోనే ఉంది. మిర్చీ కా సాలన్‌కూ ఆ మసాలానే. కందిపప్పు, చింతపండుతో కాచే ఖట్టీ దాల్‌కు తాలింపు నూనెతో పెట్టారా, నెయ్యితో పెట్టారా అన్నది ఒక్కటే ప్రశ్న. ఖుబానీ కా మీఠా మలాయి వేయకుండా ఇమ్మంటే ఎండిన పండు, చక్కెర మిగులుతాయి. గుల్జార్ హౌజ్ దగ్గరి గోవింద్ బండి వెన్న దోసెకు పేరు పడింది. అలాంటి బండ్ల ముందు నిలబడి ‘భాయ్, మస్కా నక్కో, తేల్ మే బనాదో’ అనడం నేర్చుకోవాలి. ఇక తోపుడు బండ్ల మీద జామ, సపోటా, బొప్పాయి ఎటూ ఉంటాయి. రంజాన్ నెలలో మదీనా కూడలి నుంచి చార్మినార్ దాకా ఖర్జూరం రాశులే రాశులు.

భగవద్గీత తొమ్మిదో అధ్యాయంలో శ్రీకృష్ణుడు తనకు భక్తితో ఏమిచ్చినా చాలంటూ నాలుగింటిని చెప్పాడు: ఆకు, పువ్వు, పండు, నీరు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కదానికోసమూ ఏ ప్రాణినీ కట్టుగొయ్యకు కట్టేయనక్కర్లేదు. ఎంత పేదవాడికైనా, ఏ ఊళ్లోనైనా అందేవి కూడా అవే. నియమం పెట్టుకున్నవారికి ఇంతకన్నా ధైర్యం ఏం కావాలి!

అయితే పళ్లెంలో ఏముందన్నదాంతోనే ఆహారశుద్ధి పూర్తయిపోదు. ఆహారం శుద్ధమైతే అంతఃకరణం శుద్ధమవుతుందని ఛాందోగ్య ఉపనిషత్తు చెబుతుంది. అక్కడ ఆహారమంటే కళ్లతో, చెవులతో, ఇంద్రియాలన్నింటితో మనం లోపలికి తీసుకునేదంతా అని శంకరాచార్యులు వివరించారు. రామానుజ సంప్రదాయం తినే తిండినే తీసుకుని, దానికి మూడు దోషాలు అంటవచ్చని హెచ్చరించింది. పదార్థపు స్వభావం వల్ల వచ్చేది జాతిదోషం. దుమ్ము, వెంట్రుక లాంటివి పడితే నిమిత్తదోషం. ఇచ్చేవారి మనసును బట్టి వచ్చేది ఆశ్రయదోషం. మనలో చాలామంది మొదటి రెండింటి దగ్గరే ఆగిపోతాం. పాలు ఉన్నాయా, నెయ్యి పడిందా, శుభ్రంగా ఉందా అని చూస్తాం. మూడోదాన్ని మరిచిపోతాం. నిజానికి ప్రయాణికుడిని కాపాడేది ఇచ్చేవారి మంచి మనసే.

శాలిబండ రోడ్డు మీద ఒక చిన్న హోటల్లో చూసిన సంగతి చెబుతాను. ఒక పెద్దావిడ పప్పు వైపు చూపించి, ‘బాబూ, ఇందులో నెయ్యి వేశారా?’ అని అడిగింది. గల్లా దగ్గరున్న ఆయన వంటవాణ్ని పిలిచి కనుక్కున్నాడు. ‘ఉపవాసమా అమ్మా?’ అన్నాడు. కాదు, పాలకు సంబంధించినవేవీ తిననంది. ‘అట్లయితే ఇది మీకు నడ్వదు. తాలింపుల నెయ్యి పడ్డది. ముందు బండి మీద జొన్నరొట్టె చేస్తరు, మంచిగుంటది, తినండి’ అని చెయ్యి చూపించాడు. ఆ బండి దగ్గర ఒకామె వేణ్ణీళ్లతో కలిపిన పిండిని తిప్పుతూ తట్టి, పెనం మీద వేసి, తడిచేత్తో పైన నీళ్లు రాసింది. రొట్టెను తిరగేసి, నిప్పుల మీద పొంగనిచ్చి, కారప్పొడి వేసి చేతికిచ్చింది. జొన్నపిండి, నీళ్లు, ఉప్పు, అంతే.

తన పప్పు అమ్ముకునే అవకాశం చేతిలో ఉండగా ఆయన నిజం చెప్పాడు. ఆ పూట ఆవిడ వ్రతాన్ని నిలబెట్టింది ఆ నిజమే. ఆవిడకు ఎంత పుణ్యం దక్కిందో, ఆయనకూ అంతే దక్కాలి.

పాతబస్తీలో ఇలాంటి మనసు దొరకడానికి కారణముంది. నియమం తెలిసినవారే ఇతరుల నియమాన్ని గౌరవిస్తారు. రంజాన్ నెలంతా పగలు చుక్క నీరు ముట్టకుండా బేరాలు చేసి, సూర్యాస్తమయం కాగానే ఖర్జూరంతో ఉపవాసం విడిచేవారు ఈ సందుల్లో ఉన్నారు. ఆషాఢంలో లాల్‌దర్వాజ సింహవాహిని అమ్మవారికి నిష్ఠతో బోనమెత్తేవారున్నారు. పొద్దుగూకకముందే భోజనం ముగించి, దుంపలు కూడా తినని జైన వర్తకులున్నారు. ఒకరి ఆచారం మరొకరిది కాకపోయినా, ‘నాకు నియమముంది’ అన్న మాటకు ఇక్కడ విలువుంది.

నియమానికి ఇలా విలువిచ్చే ఊళ్లు వేరే దేశాల్లోనూ ఉన్నాయి. దక్షిణ థాయ్‌లాండ్‌లో త్రాంగ్ అనే చిన్న నగరముంది. చైనీయుల పంచాంగం ప్రకారం తొమ్మిదో నెలలో అక్కడ తొమ్మిది రోజుల శాకాహార ఉత్సవం జరుగుతుంది. మాంసం, చేప, గుడ్డు, పాలు, ఉల్లి, వెల్లుల్లి లేని వంట దొరికే చోట పసుపు జెండాలు కడతారు. భాష రాని యాత్రికుడు సైతం జెండా చూసి కూర్చోవచ్చు. మిగతా రోజుల్లో మాత్రం అక్కడా అడగాల్సిందే, చాలా కూరల్లో చేపల రసం పడుతుంది కాబట్టి. జెండా లేని చోట మన మాటే దారి చూపాలి.

ఆ మాట విషయంలో రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. అడగకుండా తినేయడం ఒకటి. ‘తెలియదు కదా, దోషం లేదులే’ అని మనసు సర్దిచెబుతుంది. గాంధీజీ 1912లో దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ ఫామ్‌లో పాలు మానేశారు. కొన్నేళ్లకు భారతదేశంలో తీవ్రంగా జబ్బుపడినప్పుడు, ఆయన వద్దనుకున్నది ఆవు, గేదె పాలనే కదా అన్న కస్తూర్బా మాట మీద మేకపాలకు ఒప్పుకున్నారు. అక్షరం నిలిచినా వ్రతం ఆత్మ దెబ్బతిన్నదని ఆత్మకథలో బాధపడ్డారు. ప్రాణం మీదికొచ్చినప్పుడు తీసుకున్న మేకపాలకే అంతగా లోపలికి చూసుకున్నారాయన. అడగడానికి బద్ధకించి తినేసే మనం ఎంత చూసుకోవాలి!

రెండోది, కసురుతూ అడగడం. ముక్కు మూసుకుని, మొహం చిట్లించి, పెట్టేవారి ఇంటిని, మతాన్ని తక్కువ చేస్తూ ప్రశ్నిస్తే అదీ హింసే. ఆవుకు, కోడికి బాధ కలగకూడదని మొదలైన వ్రతం, పొయ్యి దగ్గర చెమటోడుస్తున్న మనిషిని నొప్పిస్తే దాని ఫలం అక్కడే పోతుంది. అహింస మనసులోనూ మాటలోనూ చేతలోనూ ఉండాలని జైన ఆగమాలు చెబుతాయి.

అందుకని బయటి ఊరిలో తినేముందు మెత్తగా, స్పష్టంగా అడుగుదాం. చెప్పిన మాటను నమ్ముదాం. దొరికితే వండినవారికి చేతులెత్తి దండం పెడదాం. దొరకని పూట ఒక పండు తిని, నీళ్లు తాగి, దాన్నే ఉపవాసమనుకుందాం. పెట్టలేకపోయినవారి మీద కోపం మాత్రం పెట్టుకోవద్దు. నియమం మనల్ని మనుషులకు దూరం చేస్తుంటే అందులో ఎక్కడో అహంకారం దూరిందని గుర్తించాలి. ముక్కూమొహం తెలియనివారి నిజాయితీ మీద ఆధారపడి, వారికి రుణపడి, ఇంకాస్త వినయంతో ఇల్లు చేరగలిగితే ఆ నియమం సాధనగా మారినట్టే.