ఎర నిజమైనదే

విశాఖ బీచిలో రాళ్ళ మీద నిలబడి గాలం వేసేవాళ్ళని ఎప్పుడైనా గమనించారా? ఎరకి పచ్చి రొయ్యే కావాలి. నిలవదైతే మెత్తబడి, అల తాకగానే ఊడిపోతుంది. తోక దగ్గర గుచ్చి, రొయ్య ఒంటి వంపు వెంటే గాలాన్ని లోపలికి పోనిస్తారు. వంకరగా గుచ్చితే నీళ్ళలో గిరగిరా తిరుగుతుంది, చేప నమ్మదు. మొన మాత్రం రవ్వంత బయటికి ఉండాలిట.

ఇక్కడే నాకో పేచీ. రంగు, వాసన, రుచీ అన్నీ నిజమేగా! రబ్బరు చేప కట్టినవాణ్ణి మోసగాడనొచ్చు. మరి ఇతన్నేమనాలి? అతని ఇంట్లోనూ కూర వండాలి, కాదనను.

కానీ పెళ్ళిచూపుల్లో అబ్బాయి ఉద్యోగం, జీతం, మేడ, చెప్పినవన్నీ అక్షరాలా నిజాలే అయిన సంబంధాలు మీరూ ఎరుగుదురు. చెప్పనిది ఒక్కటే. తర్వాత అడిగితే, "మేం అబద్ధమేమాడామమ్మా?" అంటారు. అబద్ధమైతే నలుగుర్లో పెట్టి నిలదీయొచ్చు. దీన్ని ఏమని నిలదీస్తుంది ఆ పిల్ల?