బకెట్‌లో జొన్నలు

ఒక ఊళ్లో బోరు నీళ్లు చూడ్డానికి తేటగానే ఉండేవి. తాగినవాళ్ల పళ్లు మాత్రం గారపట్టేవి, నడివయసుకే నడుములు వంగేవి.

పట్నం కాలేజీ నుంచి ఇద్దరు డిగ్రీ విద్యార్థులు వచ్చారు. పెద్దవాడు కెమిస్ట్రీలో దిట్ట. ప్లాస్టిక్ బకెట్‌కు అడుగు నుంచి కాస్త పైన నల్లా బిగించాడు. నీళ్లలో సున్నం, పటిక వేసి నెమ్మదిగా కలిపి, గంటసేపు కదపకుండా ఉంచాడు. నీళ్లలోని ఫ్లోరైడ్ తెల్లటి మడ్డితో పాటు అడుక్కి దిగింది. పైన తేరిన నీటిని పరీక్షిస్తే ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల లోపే ఉంది. ఊరంతా సంబరపడింది. ఇంటికో బకెట్ ఇచ్చి వెళ్లారు.

పత్తి తీతల కాలంలో రెండో విద్యార్థి అయిన అమ్మాయి ఒక్కతే మళ్లీ వచ్చింది. ఓ ముసలమ్మ ఇంట్లో బకెట్ నిండా జొన్నలున్నాయి.

"అవ్వా, నీళ్లు కలుపుకుంటలేరా?"

"పొద్దుగాలనే పత్తి ఏరబోతం బిడ్డా. నా కోడలు ఎప్పుడు కలపాలె, ఎప్పుడు తేరాలె? మీరు చెప్పిన కొలత పాత బోరుది. అది ఎండిపాయె. కొత్త బోరుకు ఎంతెయ్యాల్నో ఎవరు చెప్తరు? ఆ మడ్డి యాడ పొయ్యాలె? వాకిట్ల పోస్తే మేకలు మూతి పెడుతున్నయి."

అమ్మాయి వాదించలేదు. మర్నాడు కోడలి వెంటే చేనుకెళ్లి, ఏ పని ఏ వేళకో రాసుకుంది. ఆ కాగితం పంచాయతీలో చదివింది. ఈ పని ఇంటింటి ఆడవాళ్ల మీద వేయొద్దని, ట్యాంకు దగ్గర జీతమిచ్చి ఒక మనిషిని పెట్టాలని, మడ్డికి గుంత తవ్వించాలని అడిగింది. పెద్దవాడికి కబురు పెట్టింది. అతడొచ్చి కొత్త బోరు నీటికి కొలత మళ్లీ కట్టాడు.

నీతి: నీళ్లలో ఏముందో తెలుసుకోవడం చదువే. ఆ నీళ్లు ఎవరు కలపాలో, వాళ్లకు ఆ తీరిక ఉందో లేదో తెలుసుకోవడమూ చదువే.

కథ కల్పితం, పద్ధతి కాదు. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించిన ఈ పద్ధతి పేరే నల్లగొండ టెక్నిక్. ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు ఫ్లోరోసిస్‌ను మన దేశంలో 1937లోనే, అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీళ్లు వదిలారు. ఆ డ్యాం ఉన్న నల్లగొండ జిల్లాలోనే మునుగోడు, మర్రిగూడ వైపు జనం ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు ఫ్లోరైడ్ నీళ్లే తాగారు. కృష్ణా నది నీళ్లు అటు ఎందుకెక్కలేదో పరీక్షనాళిక చెప్పదు. కాలువ మట్టం, ఎత్తిపోతల ఖర్చు, ఎవరి మాట ఎక్కడ చెల్లింది, ఇవన్నీ కలిపి చదవాలి. సైన్స్, టెక్నాలజీ, సమాజం అనే పేరుతో కొన్ని విశ్వవిద్యాలయాలు డిగ్రీలోనే నేర్పేది ఇదే. అమెరికాలో ఇంటి యంత్రాలు ఎన్నొచ్చినా తల్లుల పనిగంటలు తగ్గలేదని చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో ఒక పుస్తకమే రాశారు. అవ్వ అడిగిందీ ఆ లెక్కే.

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఈ చదువును మొదటి ఏడాదే పెట్టాలి, ప్లేస్‌మెంట్ల హడావుడి మొదలవకముందే. నీటి టైట్రేషన్ చేయించే వారంలోనే ఆ నీళ్లు తాగే ఇంటికి పిల్లల్ని తీసుకెళ్లాలి. అక్కడ అవ్వ అడిగినవి ల్యాబ్ రికార్డులో రాయించి, వాటికీ మార్కులు వేయాలి.