బాడిస తాకిన నోరు

చేత్తో చేసిన బొమ్మ దేవుడెలా అవుతుంది? ఈ ప్రశ్నను అందరికంటే పదునుగా వేసినవాళ్లు హెబ్రూ ప్రవక్తలు. యెషయా గ్రంథంలో ఒకడు చెట్టు కొట్టి సగం కట్టెతో రొట్టె కాల్చుకుంటాడు, మిగతా సగాన్ని దేవుడిగా చెక్కి దాని ముందు సాగిలపడతాడు. ఆ ఎగతాళి బలమంతా పనిముట్లను బయటపెట్టడంలోనే ఉంది. కొలతాడూ ఉలీ కంటపడితే మహిమ తేలిపోతుందని దాని ధీమా. ప్రాచీన ఈజిప్టు సాక్ష్యం ఈ ధీమాకు అడ్డం తిరుగుతుంది. థీబ్స్ పడమటి గట్టున, క్రీ.పూ. 15వ శతాబ్దపు మంత్రి రెఖ్మిరే సమాధి గోడల మీద పనివాళ్లు పరంజాలెక్కి రాజు విగ్రహాలను రాతి గుండ్లతో మోదుతూ, నునుపు పెడుతూ కనిపిస్తారు. విగ్రహానికి ‘నోరు తెరిచే’ క్రతువు ఘట్టాలూ అదే సమాధిలో వరసగా ఉన్నాయి. పనిని దాచి మహిమను మాత్రమే చూపాలనుకునేవాళ్లు ఇలా గీయించుకోరు.

ఆ పనిలో మాయ లేదని వాళ్లకు మనకంటే బాగా తెలుసు. సున్నపురాయికి రాగి ఉలి, కొయ్య సుత్తి చాలు. గ్రానైట్ దగ్గర రాగి ఓడిపోతుంది. డోలరైట్ గుండ్లతో మోది మోది రాతిని పొడిగా రాల్చాలి. రంపమూ గొట్టపు బరమా రాగివే అయినా, నిజంగా కోసేది వాటి కింద పోసిన ఇసుక. అస్వాన్ గనిలో సుమారు 42 మీటర్ల స్తంభం ఒకటి పగులిచ్చి, అడుగుబండ నుంచి విడిపడకుండానే నేటికీ పడి ఉంది. దేవుడి కోసం మొదలుపెట్టిన రాయి కూడా పగులుతుందని వాళ్లకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. రాజుల సమాధులు తొలిచిన డెయిర్ ఎల్-మెదీనా పనివాళ్లకిచ్చే రాగి పనిముట్లను తూచి లెక్క రాసుకునేవారు. రాగి విలువ అలాంటిది. ఇంత లెక్క తెలిసిన జనమే శిల్పిని ‘బతికించేవాడు’ అనే అర్థమొచ్చే మాటతో పిలిచారు. విగ్రహం చేయడానికి వాళ్లు వాడిన ‘మెస్’ అనే క్రియకు మొదటి అర్థం కనడం. తల్లి బిడ్డను కన్నా అదే మాట. తయారైనది పుట్టినది కాజాలదన్న గోడ ఆ భాషలో లేదు. బిడ్డ ఎలా పుడుతుందో తెలిసినంత మాత్రాన బిడ్డలో ప్రాణం లేదని ఎవరూ అనరు కదా, విగ్రహం విషయంలో మాత్రం ఎందుకనాలి?

క్రతువులో విగ్రహం నోటికి తాకించే ముఖ్యమైన పనిముట్టు బాడిస, అంటే చెక్కేవాడి చేతిలోనిదే. మెసొపొటేమియాలో ఇందుకు భిన్నం. అక్కడ ‘నోరు కడిగే’ క్రతువులో శిల్పుల చేతులు కట్టి, కొయ్య కత్తితో నరికినట్టు నటించి, విగ్రహాన్ని తాము చేయలేదని వాళ్ల చేతే ప్రమాణం చేయించేవారు. ఈజిప్టుకు ఆ సిగ్గు లేదు. అయితే ఒక ఆక్షేపణ ఉంది: క్రతువులోవి నిజమైన పనిముట్లు కావు, పురోహితుడు శిల్పి ఘనతను కాజేశాడు అని. తూతన్‌ఖామున్ సమాధిలో దొరికిన 16 చిన్న ఇనుప ఉలులు ఉల్కల లోహంతో చేసినవి; వాటితో రాయి చెక్కడం కుదరదు. ఈ మాటలో కొంత నిజముంది. కానీ శిల్పిని పక్కకు నెట్టడమే ఉద్దేశమైతే ధూపం, నీళ్లు, మంత్రం సరిపోయేవి, అవన్నీ క్రతువులో ఉన్నాయి కూడా. ఆకాశం నుంచి పడిన లోహాన్ని తెచ్చి మళ్లీ ఉలి ఆకారంలోనే ఎందుకు పెట్టుకున్నట్టు? మెంఫిస్‌లో ప్తా దేవుడి ప్రధాన పురోహితుడి బిరుదే చేతిపనివాళ్లను నడిపించేవాళ్లలో పెద్ద అని. పైగా క్రతువులో కొడుకు స్థానంలో నిలిచిన పురోహితుడు తన తండ్రిని కొడుతున్నదెవరని నిలదీసే ఘట్టం ఒకటుంది. దెబ్బను దాచలేదు, దానికి జవాబు చెప్పుకున్నారు. స్థపతి బంగారు సూదితో విగ్రహానికి కన్ను తెరవడం ఎరిగిన మన పాఠకులకు ఇది మరీ వింతగా తోచదు.

మరి బాడిస తాకితే ఏ రాయైనా దేవుడేనా? ఇది గట్టి ప్రశ్న. ఈజిప్టువాళ్ల లెక్కలో విగ్రహం దేవుడు దిగే ఒళ్లు. క్రీ.పూ. 8వ శతాబ్దం చివర రాజు షబాకా చెక్కించిన రాతి మీద, ప్తా వాళ్ల ఒళ్లను ఏర్పరిచాక దేవతలు కర్రలో, రాతిలో, మట్టిలో తమ తమ ఒళ్లలోకి ప్రవేశించారని ఉంది. ఒళ్లు గాయపడుతుంది, పాడవుతుంది. అందుకే విగ్రహాల మీద పగబట్టినవాళ్లు ముక్కు చూసి పగలగొట్టారు, ఊపిరి ఆగాలని. ఉత్త రాయే అనుకున్నవాడికి ముక్కుతో పనేముంది? అదే ఉలి, అదే నమ్మకం, తిరగేసి వాడారంతే. షబాకా రాయి కథ వేరు. తర్వాతి కాలంలో ఎవరో దాని నడుమ చదరపు రంధ్రం తొలిచి, చుట్టూ గాళ్లు తీసి, మరో పనికి వాడుకున్నారు. ఆ గాళ్లు పోయిన చోటల్లా అక్షరాలు చెరిగిపోయాయి. దేవతలు రాతిలోకి వచ్చారని చెప్పిన ఆ రాతికి మాత్రం ఎవరూ నోరు తెరవలేదు.