ముందు ఏది, తర్వాత ఏది

తల్లీ,

ఎమ్మెస్సీ ప్రవేశానికి జామ్ గణితం పరీక్ష రాస్తానన్నావని మీ నాన్న చెప్పాడు. ఎంతో సంతోషమనిపించింది. ఫిబ్రవరి పరీక్షకు ఇప్పటినుంచే సిలబస్ ముందు పెట్టుకున్నావు కాబట్టి వ్యవధి బాగానే ఉంది. అందుకే ఈ మాట ఇప్పుడే చెబుతున్నాను. సిలబస్‌లో అచ్చయిన వరసా పట్టుకోకు, డిగ్రీలో చెప్పిన వరసా పట్టుకోకు. దేనికి ఏది ఆధారమో చూసుకుని ఆ వరసలో చదువు.

మన ఆంధ్రలో చాలా ఏళ్లు డిగ్రీ మొదటి సెమిస్టర్‌లోనే అవకల సమీకరణాలు చెప్పేవారు. ఇంటర్లో నేర్చిన ఇంటిగ్రేషన్ ఉంటే లెక్కలు చేసేయొచ్చు, నిజమే. కానీ రెండో ఆర్డర్ లీనియర్ హోమోజీనియస్ సమీకరణానికి రెండు స్వతంత్ర సాధనలు దొరికితే చాలని ఎందుకంటారు? ఆ సాధనలన్నీ కలిసి రెండు డైమెన్షన్ల వెక్టర్ స్పేస్ అవుతాయి కాబట్టి. ఆ సంగతి తెలిశాక చదివితే రాన్‌స్కియన్ బట్టీపట్టాల్సిన సూత్రంలా కనిపించదు. కనుక అవకల సమీకరణాలను వెనక్కి నెట్టు. చేయి తిరిగిన పని, తొందరగానే తిరిగొస్తుంది.

మొదలుపెట్టాల్సింది సీక్వెన్సులు, సిరీసులతో. అవి తొందరగా ఒంటబట్టవు. బొల్జానో-వయర్‌స్ట్రాస్ సిద్ధాంతం చదివిన రోజున అర్థమైనట్టే ఉంటుంది, వారం తర్వాత లెక్క ముందు కూర్చుంటే జారిపోతుంది. కంగారుపడకు, అందరికీ అంతే. బార్టిల్-షెర్బర్ట్ పుస్తకం తీసుకుని పొద్దున్నే, తల తేటగా ఉన్నప్పుడు చదువు. సాయంత్రాలు మొదటి రోజునుంచే లీనియర్ ఆల్జీబ్రా పట్టు. పొద్దుట తేలని లెక్కతో నీరసపడిన మనసుకు, ఒక మాత్రిక ర్యాంకు తేల్చి నల్ స్పేస్ రాసుకుంటే ధైర్యం వస్తుంది.

ఈ రెండూ కుదిరితే మిగతావి వాటంతటవే వరసలో పడతాయి. రెండు చలరాశుల ప్రమేయానికి గరిష్ఠ, కనిష్ఠాలు చూసేటప్పుడు హెస్సియన్ ఐగెన్ విలువల గుర్తులే కదా చూసేది! గ్రూపులకు గాలియన్ పుస్తకం బాగుంటుంది. అక్కడ కెర్నల్ ఎదురైనప్పుడు నల్ స్పేస్‌ను గుర్తుపడతావు. 0, 1 మాత్రమే ఉన్న ఫీల్డు మీద విలోమం ఉన్న 2×2 మాత్రికలు సరిగ్గా ఆరు. వాటి గుణకార పట్టిక నీ చేత్తో వేసి, అది ఎస్3 గ్రూపేనని చూసుకో. ఆ సాయంత్రం వృథా పోదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. పేపర్లో 60 ప్రశ్నలు, 100 మార్కులు, 3 గంటలు. అందులో పది ప్రశ్నలకు సరైన జవాబులు ఒకటికి మించి ఉండొచ్చు. తప్పుకు కోత లేదు, కానీ ఉన్న జవాబులన్నీ సరిగ్గా గుర్తిస్తేనే రెండు మార్కులు. పిల్లలు ఇక్కడే తడబడతారు. సిద్ధాంతాలు వచ్చినా, అవి ఎక్కడ చెల్లవో చూపే ఉదాహరణలు వాళ్ల దగ్గర ఉండవు. అందుకని ఒక నోటుబుక్కు విడిగా పెట్టుకో. పదాలు సున్నాకు పోతున్నా డైవర్జ్ అయ్యే హార్మోనిక్ సిరీస్, అన్నిచోట్లా డెరివేటివ్ ఉన్నా సున్నా దగ్గర ఆ డెరివేటివ్ కంటిన్యువస్ కాని ప్రమేయం, 12 మూలకాలున్నా 6 మూలకాల సబ్‌గ్రూపు లేని ఎ4, ఇలాంటివి దొరికినప్పుడల్లా అందులో రాయి. ఏ కోచింగ్ మెటీరియల్ కన్నా నువ్వు రాసుకున్న ఆ పుస్తకమే మేలని నా నమ్మకం.

పాత పేపర్లు ఆఖర్లో చూద్దామనుకోకు. ఒక అంశం అయిందంటే పాత పేపర్లలో ఆ అంశం ప్రశ్నలన్నీ ఏరి చేసేయ్. చివరి రెండేళ్ల పేపర్లు మాత్రం ముట్టుకోకుండా జనవరికి ఉంచు, గడియారం పెట్టుకుని రాయడానికి. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే 30 ప్రశ్నల్లో తప్పుకు మూడో వంతు కోత ఉంటుంది, అక్కడ ఊహించి పెట్టకు. సంఖ్య టైపు చేసే 20 ప్రశ్నల్లో కోత లేదు, ఒక్కటీ ఖాళీగా వదలకు.

పరీక్ష ఏటా ఒక్కో సంస్థ జరుపుతుంది, సిలబస్‌లోనూ అప్పుడప్పుడు మార్పులొస్తాయి. సీనియర్ల నోట్సు చూసి మొదలుపెట్టకుండా ఈ ఏటి బ్రోచర్ తీసి సరిచూసుకో. ఆదివారం రా అమ్మా, సీక్వెన్సుల ప్రశ్నలు ఏరి పెడతాను. కలిసి కూర్చుని చేద్దాం.

మీ పెదనాన్న