అంతర్గత మార్కులు: కరుణ, న్యాయం

నిరంతర సమగ్ర మూల్యాంకన విధానంలో తెలంగాణ పదవ తరగతి విద్యార్థికి ఒక్కొక్క విషయంలో 80 మార్కులు వార్షిక పరీక్షకు, 20 మార్కులు పాఠశాల స్థాయి నిర్మాణాత్మక మూల్యాంకనానికి కేటాయించారు. తరగతిలో ప్రతిస్పందన, రాత అంశాలు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష అనే నాలుగు సాధనాల ఆధారంగా ఆ 20 మార్కులను ఉపాధ్యాయుడే నిర్ణయించాలి. వాటిని అందరికీ పూర్తిగా ఇచ్చివేయడం దోషమా అన్నది ఇక్కడి ప్రశ్న.

ఎవరి మార్కులూ తగ్గలేదు కనుక అన్యాయం జరగలేదని వాదించవచ్చు. పొరుగు పాఠశాల ఉదారంగా ఉన్నప్పుడు తాను నిక్కచ్చిగా ఉంటే నష్టపోయేది తన విద్యార్థే అన్న వాదం ఇంకా బలమైనది. అయినా మార్కు పోటీలో దక్కే వాటా మాత్రమే కాదు. విద్యార్థి స్థితికి సాక్ష్యం కూడా. ధారాళంగా చదవలేని విద్యార్థికి పూర్తి మార్కులు వేస్తే అతని లోపం కాగితం మీద మాయమవుతుంది. మరికొంత బోధన కోరే అతని హక్కూ దానితోపాటే మరుగున పడుతుంది. కరుణగా కనిపించేది ఇక్కడ ఉపేక్ష.

అలాగని ఆ మూల్యాంకనాన్ని తొలగించడం పరిష్కారం కాదు. తెలుగులో వాచకం, సంభాషణ వంటి మౌఖిక సామర్థ్యాలను వార్షిక రాతపరీక్ష పరిశీలించలేదు. పరిశీలనకు రాని సామర్థ్యం బోధనలోనూ వెనుకబడుతుంది. కాబట్టి సాక్ష్యాన్ని పోటీనుండి వేరుచేయాలి. మౌఖిక సామర్థ్యాన్ని మొత్తం మార్కులలో కలపక, ధ్రువపత్రంలో వర్ణనాత్మకంగా నమోదు చేయవచ్చు. మొత్తంలో కలవనిదానిని ఎవరూ పట్టించుకోరన్న ఆక్షేపణ కొంతవరకు నిజమే. కాని అసత్యమైన 20 మార్కులకన్న సత్యమైన ఒక్క వాక్యమే విద్యార్థికి ఎక్కువ ఉపకరిస్తుంది: తరువాతి ఉపాధ్యాయుడు ఎక్కడ మొదలుపెట్టాలో అది చెబుతుంది.