ఇంటి గుట్టు ఎవరిది?

ప్రతి ఏటా ఆగస్టు నెలలో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో భారతీయ చలనచిత్రోత్సవం జరుగుతుంది. 2010లో మొదలైన ఈ పండుగకు అక్కడి విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వం అండ ఉంది. హిందీయే కాదు, తెలుగు, తమిళం, మలయాళం, బెంగాలీ సినిమాలూ అక్కడ ఆడతాయి. నగరం నడిబొడ్డున ఫెడరేషన్ స్క్వేర్‌లో సినిమా తారల చేత మన జెండా ఎగరేయిస్తారు. 2019లో షారుఖ్ ఖాన్ ముఖ్య అతిథి. 2024లో మన రామ్‌చరణ్ వెళ్లాడు. అక్కడ స్థిరపడ్డ మా ఖాలా కొడుకు ఫొటోలు పంపుతాడు. జెండా కింద తెలుగువాళ్లు, పంజాబీలు, హైదరాబాదీ సాయిబులు పక్కపక్కనే నిలబడి ఉంటారు. చూసి సంతోషిస్తాం. ఆ సంతోషంలో అబద్ధం లేదు.

కానీ ఒక ప్రశ్న వదలదు. పరాయి దేశంలో తెర కట్టి ‘ఇదీ మా ఇల్లు’ అని చూపించేటప్పుడు ఆ ఇంట్లో మేము ఏ గదిలో కనిపించాలి? ఎలా కనిపించాలి? అది ఎవరు తేల్చాలి?

2023లో ఆ ఉత్సవంలో ఉత్తమ చిత్రంగా ఎంపికైంది మన తెలుగు సినిమా ‘సీతారామం’. మేమూ చూశాం. కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చాం. అందులో కథానాయిక హైదరాబాదు రాజకుటుంబపు యువరాణి నూర్జహాన్. అనాథ సైనికుడు రామ్‌కు ఆమె సీతామహాలక్ష్మి అనే పేరుతో ఉత్తరాలు రాస్తుంది. అతను ప్రేమించింది సీతను. జనం గుండెల్లో పెట్టుకున్నదీ సీతనే. సినిమా పేరులో మిగిలిందీ ఆ సీతే. రామ్ పాత్ర వేసిన దుల్కర్ సల్మాన్ ముస్లిం. ఇన్ని గోడలు ఒక్క సినిమాలో కూలాయని లౌకికవాద మిత్రులు మురిసిపోయారు. మేమూ కాదనం. కానీ ఆ ఉత్తరం నూర్జహాన్ పేరుతోనే వెళ్లి ఉంటే? రామ్ జవాబు రాసేవాడేమో, మంచివాడు. టికెట్టు కొన్నవాళ్లు ఆమెను అంతగానూ ప్రేమించేవాళ్లా? యువరాణికే పేరు మార్చుకోక తప్పనప్పుడు, మా వాడలో సైకిళ్లు బాగుచేసే మస్తాన్‌కు, పరుపులు కుట్టే దూదేకుల హుసేనమ్మకు ఏ పేరు పెడితే తెర మీద చోటు దొరుకుతుంది?

ఈ ప్రశ్న అడిగితే వెంటనే వచ్చే జవాబు ఒకటుంది. “ఇంట్లో సంగతులు ఇంట్లో మాట్లాడుకోవాలి. బయటివాళ్ల ముందెందుకు?”

ఈ మాట కొత్తది కాదు. 1980లో రాజ్యసభ సభ్యురాలిగా ఉన్న నర్గిస్, సత్యజిత్ రాయ్ మీద ఇదే నింద మోపారు. ఆయన మన దరిద్రాన్ని విదేశాలకు ఎగుమతి చేస్తున్నారన్నారు. ఆధునిక భారతాన్ని, ఆనకట్టలను చూపించాలన్నారు. మరి ఆమెకు అంత పేరు తెచ్చిన ‘మదర్ ఇండియా’లో ఉన్నదేమిటి? వడ్డీవ్యాపారి కింద నలిగిన కుటుంబం, తానే కాడి మోసి నాగలి లాగిన తల్లి. 1958లో ఆస్కార్ పోటీ దాకా వెళ్లిందీ దరిద్రమే కదా! తేడా ఎక్కడుంది? ఆ సినిమా కాలువ దగ్గర మొదలై కాలువ దగ్గర ముగుస్తుంది. కష్టకాలం గడిచిపోయిందని భరోసా ఇస్తుంది. రాయ్ ఆ భరోసా అంత సులువుగా ఇవ్వలేదు. తీరిపోయిన బాధను ఎవరికైనా చూపించవచ్చు. తీరని బాధ చూపిస్తేనే పరువు గుర్తొస్తుంది.

మా బాధ ఆ రెండో రకానిది. ఎం.ఎస్. సత్యు తీసిన ‘గరమ్ హవా’నే తీసుకోండి. దేశ విభజన తర్వాత ఆగ్రా విడిచి వెళ్లనన్న చెప్పుల వ్యాపారి సలీం మీర్జా కథ అది. అల్లర్లు రేగుతాయన్న భయంతో సెన్సార్ దాన్ని నెలల తరబడి ఆపింది. 1974లో అదే సినిమా ఫ్రాన్సులోని కాన్ ఉత్సవంలో పోటీకి వెళ్లింది. దేశం తరపున ఆస్కార్‌కూ వెళ్లింది. జాతీయ సమైక్యతకు అవార్డు కూడా వచ్చింది! 2002 గుజరాత్ మారణకాండ మీద రాకేశ్ శర్మ తీసిన ‘ఫైనల్ సొల్యూషన్’కు 2004లో బెర్లిన్‌లో బహుమతి వచ్చింది. ఆ ఏడాదే ఇక్కడి సెన్సార్ సర్టిఫికెట్ ఇవ్వనంది. నిరసనలు జరిగాక ఇచ్చింది. కాన్‌లో కూర్చున్న ఫ్రెంచివాడు సినిమా చూస్తే ఆగ్రాలో అల్లర్లు రేగవు. ఆగ్రావాడు చూస్తాడనే అసలు బెంగ. పరువు మాట దాని మీద కప్పిన దుప్పటి.

అలాగని బయటి కన్ను పవిత్రమైనదని మేము అనం. 2009 ఆగస్టులో షారుఖ్ ఖాన్‌ను అమెరికాలో నెవార్క్ విమానాశ్రయంలో ఆపి ప్రశ్నలు వేశారు. పదేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లో సన్మానం చేశారు. తెర మీద చప్పట్లు తెచ్చిన పేరే పాస్‌పోర్టు మీద అనుమానం తెచ్చింది. మా కన్నీళ్లు చూసి ‘ఆ దేశం అంతేలే’ అనుకుని హాయిగా నిద్రపోయే ప్రేక్షకుడూ ఉంటాడు. అతని జాలి మాకు అక్కర్లేదు.

ఇంతవరకూ దేశాన్ని అడిగాం. ఇప్పుడు మమ్మల్ని మేము అడుక్కోవాలి.

2017లో ముమ్మారు తలాక్‌ను సుప్రీంకోర్టు కొట్టేసిన రోజుల్లో ఒక యువతి మేము పనిచేసే పత్రికకు ఉర్దూలో వ్యాసం తెచ్చి ఇచ్చింది. తన అక్క కథ. ఒక్క పూటలో కాపురం పోగొట్టుకుని, ఇద్దరు పిల్లలతో పుట్టింటి వంటగదిలో మిగిలిపోయిన మనిషి కథ. బాగా రాసింది. తెలుగు చేసి వేయాల్సింది. మేము వేయలేదు. “ఇప్పుడు వద్దమ్మా, వాళ్ల చేతికి కత్తి ఇచ్చినట్టవుతుంది” అన్నాం. ఆమె కాసేపు మా ముఖం చూసి, “మరి ఎప్పుడు భాయ్‌జాన్?” అంది. కాగితాలు తీసుకుని వెళ్లిపోయింది.

ఆనాడు మేమన్నది నర్గిస్ రాయ్‌తో అన్న మాటే. సెన్సార్ ‘గరమ్ హవా’తో అన్న మాటే. దేశం మమ్మల్ని ఏ గదిలో కూర్చోబెట్టిందని కోపమో, మా అక్కాచెల్లెళ్లను మేము అదే గదిలో కూర్చోబెట్టాం. మా భయం నిజమే. చుట్టూ ద్వేషం ఉంది. ఆ కథను మా మీదికి తిప్పేవాళ్లు ఉన్నారు. కానీ ఆమె ఊరుకున్నంత మాత్రాన వాళ్లు ఊరుకున్నారా? ఆమె అక్క గురించి వాళ్లే రాశారు, వాళ్లకు కావలసినట్టు రాశారు. ఆమె రాసింది మాత్రం అచ్చు కాలేదు.

బాధ ఎవరిదో గుట్టు వాళ్లది. విప్పాలో దాచాలో వాళ్లే తేల్చుకోవాలి. ఇంటి పెద్దకు, సెన్సార్‌కు, పత్రికాఫీసులో కుర్చీ వేసుకున్న మాకు ఆ హక్కు లేదు. చెప్పుకునేవాళ్లకు మేము చేయగలిగింది ఒకటే. మెల్‌బోర్న్ తెర కంటే ముందు మలక్‌పేటలో, కర్నూలులో, మా మొహల్లాలో నాలుగు కుర్చీలు వేసి వినడం. ఇంట్లో వినేవాళ్లుంటే బయట చెప్పడం చాడీ కాదు.

వచ్చే ఆగస్టులో మా ఖాలా కొడుకు మళ్లీ ఫొటోలు పంపుతాడు. మళ్లీ సంతోషిస్తాం. నూర్జహాన్‌ను నూర్జహాన్‌గానే చూపించమని మళ్లీ అడుగుతాం, అడగాలి కూడా. కానీ ఆ యువతి తర్వాత మా పత్రికకు ఏమీ పంపలేదు. ఆ వ్యాసం నకలు మా దగ్గర లేదు. “ఎప్పుడు భాయ్‌జాన్?” అన్న మాటకు మేము ఇవ్వాల్సిన జవాబు ఇంకా బాకీ ఉంది.