చౌక తుపాకి, మిగిలిన వెల

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో థాంక్స్‌గివింగ్ పండుగకు ముందు శనివారం తుపాకులతో జింకల వేట మొదలవుతుంది. తొమ్మిది రోజులు సాగుతుంది. ఆ రోజులు దగ్గర పడేకొద్దీ తుపాకుల దుకాణాలకు కొత్తవాళ్లు వస్తుంటారు. చేతిలో ఐదారు వందల డాలర్లుంటాయి. వాళ్లు అడిగేది ఒక్కటే: ఈ డబ్బుకు ఏ రైఫిల్ మంచిది? సబబైన ప్రశ్నే. కానీ దాని వెనకే ఇంకో ప్రశ్న ఉంది. మనం తగ్గించుకున్న ఖర్చు ఎవరి మీద పడుతుంది?

తుపాకి మట్టుకైతే ఇవాళ జవాబు కష్టం కాదు. శావేజ్ యాక్సిస్, రూగర్ అమెరికన్ లాంటి బోల్ట్ యాక్షన్ రైఫిళ్లు ఈ డబ్బులోనే దొరుకుతాయి. మడమ వాల్‌నట్ చెక్కది కాదు, ప్లాస్టిక్. మెరుగులు ఉండవు. కంపెనీ పొదుపు చేసింది ఎక్కువగా అందం మీదే, గొట్టం మీద కాదు. నిలకడైన చేతిలో వంద గజాల దూరాన వీటి గురి అంగుళం, అంగుళమున్నర అటూఇటూగా పడుతుంది. జింకకు గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు దాదాపు ఎనిమిది అంగుళాల వెడల్పు. అంటే, ఆ తుపాకికి రావలసిన పని వచ్చు. రావలసింది మనిషికి.

ఇక్కడే చాలామంది దారి తప్పుతారని నాకనిపిస్తుంది. కొత్తవాడు పెద్ద తూటా వైపు మొగ్గుతాడు, మాగ్నమ్ అన్న మాటకే ధైర్యం వస్తుంది. జింకకు అంత అక్కర్లేదు. .243 వించెస్టర్ గానీ 6.5 క్రీడ్‌మోర్ గానీ చాలు. పెద్ద తూటాతో తేలికపాటి చౌక రైఫిల్ భుజాన్ని గట్టిగా తంతుంది. నాలుగు దెబ్బలు తిన్న భుజం ఐదోసారి ట్రిగ్గర్ నొక్కకముందే ముడుచుకుంటుంది. కన్ను మూసుకుంటుంది, గొట్టం కదులుతుంది. తూటా జానెడు వెనక్కి జరిగి కడుపులో దిగుతుంది. ఊపిరితిత్తుల్లో తగిలిన జింక కొద్ది సెకన్లలో కూలిపోతుంది. కడుపులో తగిలింది గంటల తరబడి పొదల్లో పడి చస్తుంది, వెతికినా ఒక్కోసారి దొరకదు. దుకాణంలో బిల్లు కట్టినప్పుడు ఆ గంటలను ఎవరు లెక్కవేశారు?

అందుకే నా మటుకు పొదుపు చేయకూడనిది సాధన మీద. ఇరవై తూటాల పెట్టెలో సగం ఖర్చుచేసి స్కోపు సరిచేసుకుని, మిగతా సగంతో అడవికి వెళ్లేవాళ్లున్నారు. వాళ్లను నేను క్రూరులనను. తూటా ఒక్కోటి డాలరు పైమాటే, డబ్బు లేకపోవడం ఎవరి నేరమూ కాదు. కానీ మన లేమికి మూల్యం చెల్లించేది మనతో ఏ ఒప్పందమూ లేని ప్రాణి అయినప్పుడు, ఆ లేమి మన సొంత విషయంగా మిగులుతుందా?

రామాయణంలో దశరథుడికి ఆయుధం కొరత లేదు, నేర్పు కొరత అంతకన్నా లేదు. చప్పుడును బట్టి బాణం వేయగలిగేంత నేర్పు. చీకట్లో సరయూ తీరాన కుండలో నీళ్లు నిండే చప్పుడు విని ఏనుగనుకున్నాడు. కూలింది గుడ్డి తల్లిదండ్రుల కోసం నీళ్లు ముంచుకుంటున్న కుర్రవాడు. విస్కాన్సిన్‌లో 1973 జనవరి 1న గానీ ఆ తరవాత గానీ పుట్టినవాళ్లకు వేట లైసెన్సు కావాలంటే సాధారణంగా శిక్షణ తరగతి పూర్తి చేయాలి. ఆ తరగతుల్లో నేర్పే మొదటి పాఠాల్లో ఒకటి ఇదే: కళ్లతో పోల్చుకోనిదాన్ని కాల్చకు, దాని వెనక ఏముందో తెలియకుండా కాల్చకు. ఆ నిగ్రహం ఏ ధర తుపాకితోనూ కలిపి ఇవ్వరు.

వెల చెల్లించేవాళ్లు జింక దగ్గరే ఆగరు. చౌక తూటాల్లో ఎక్కువ వాటికి లోపల సీసం ఉంటుంది. మాంసంలో దిగగానే అది కంటికి కనిపించని తునకలుగా చెదురుతుంది. వేటగాడు వదిలేసిన పేగులు తిన్న గద్దలకు సీసం విషం ఎక్కుతుంది. 2008లో ఉత్తర డకోటా, మిన్నెసోటాల్లో వేటగాళ్లు పేదల ఆహార కేంద్రాలకు దానమిచ్చిన జింక మాంసంలో సీసం తునకలు బయటపడితే ఆ మాంసాన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆకలి తీర్చాలని ఇచ్చినవాళ్ల మనసు మంచిదే. రాగి తూటాకు ఈ గొడవ లేదు, ధరే కొంచెం ఎక్కువ. కాలిఫోర్నియా 2019 నుంచి వేటలో సీసం తూటాలను పూర్తిగా నిషేధించింది.

అసలు చంపడమే ఎందుకని అడగవచ్చు. అడగాలి కూడా. ఎవరో కోసి పొట్లం కట్టిన మాంసాన్ని కొనుక్కు తినే నేను వేటగాడికి నీతి చెప్పలేను. అమెరికన్ ప్రకృతి రచయిత ఆల్డో లియోపోల్డ్ కథ నన్ను వదలదు. తోడేళ్లు తగ్గితే జింకలు పెరుగుతాయి, వేటకు మంచిదని నమ్మిన యువకుడిగా 1909లో అరిజోనాలో ఒక తోడేలును కాల్చాడు. అది కన్ను మూయడం దగ్గరినుంచి చూశాడు. తరవాతి రోజుల్లో తోడేళ్లు లేని కొండల మీద జింకలు పెరిగి మొలకలన్నీ మేసేయడం, ఆపైన ఆకలితో చావడం చూశాడు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాక కూడా వేట మానలేదు. మారింది తనకు తాను వేసుకునే ప్రశ్న. అడవిలో వేటగాడి పక్కన తప్పు పట్టే సాక్షి ఉండడని ఆయన గుర్తించాడు. ఎవరూ చూడని చోట, గురి నమ్మకంగా కుదరనప్పుడు, తుపాకి దించే మనిషిని దేన్ని బట్టి గుర్తుపడతాం?

మొదటి రైఫిల్ కొనబోతున్నవాళ్లను నేను అడిగేది ఇంతే. ఆరు వందలుంటే నాలుగు వందలకే ముగించండి. మిగిలినవాటితో తూటాలు కొని వేట రోజులకు నెలల ముందే రేంజికి వెళ్లండి. బల్ల మీద ఆనించే కాదు, మోకాలి మీద కూర్చుని, నిలబడి కూడా కాల్చి చూసుకోండి. ఎనిమిది అంగుళాల వలయంలో ప్రతి తూటా పడే దూరమెంతో కాగితం మీద రాసుకుని, అడవిలో అంతకు మించిన దూరాన ఉన్న జింకను వదిలేయండి.